ఇంజను ఆగకుండా నడవాలంటే

నా దగ్గరికి వచ్చిన వాళ్ళలో సగం మంది అడిగింది ఒకటే. "మేస్త్రి గారూ, ఈ ట్యాంకు చాలట్లేదండి. పెద్దది చెయ్యండి." మిగతా సగం రిపేర్లకి వచ్చినవాళ్ళు. ఏలూరులో ఒక పంపుసెట్ల షాపులో కుర్రతనంలో చేరి, అదే షాపులో రిటైరయ్యాను. మాది తాడేపల్లిగూడెం పక్కన పల్లె. పేరు డేవిడు. మధ్యలో జీతం ఎప్పుడు పెరిగిందీ, ఏ కంపెనీ వాళ్ళు నాకు శాలువా కప్పిందీ ఎవరికీ పనికిరాని సంగతులు. నేను చెప్పదలచుకున్నది ఈ ట్యాంకుల గురించి. ఐటిఐ పాసై, సెల్‌ఫోనులో నాలుగు వీడియోలు చూసి, స్పానరు పట్టుకుని ఈ పనిలోకి దిగుతున్న వాళ్ళున్నారే, వాళ్ళకి చెబుతున్నాను. వింటే బాగుపడతారు. వినకపోతే మీ ఖర్మ.

మన వైపు పొలాలకీ చెరువులకీ వాడే చిన్న డీజిలు ఇంజను నెత్తిన ఒక బుల్లి ట్యాంకు ఉంటుంది. దాన్ని తయారుచేసినవాడు ఒక పూట నీళ్ళు తోడుకుని ఇంటికెళ్ళే మనిషిని మనసులో పెట్టుకుని చేశాడు. మన పనులు అలా ఉంటాయా? కాలవ చివర పొలానికి నీరందకపోతే రోజంతా తోడాలి. కొల్లేరు వైపు చేపల చెరువులైతే మరీను. ముసురు పట్టి ఎండ కనపడని రోజుల్లో నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది. చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి. గాలివాన వస్తే ముందు పోయేది కరెంటే కాబట్టి మోటార్లు పనిచెయ్యవు. అప్పుడు డీజిలు ఇంజను పెట్టి, చెరువు నీళ్ళనే తోడి, పైనుంచి మళ్ళీ చెరువులోకే చిమ్మాలి. చిమ్మిన నీళ్ళలో గాలి కలిసి చేప బతుకుతుంది. మధ్యలో ఇంజను ఆగిందా, ఏడాది కష్టం తెల్లగా పొట్ట పైకి పెట్టి తేలుతుంది.

అందుకని డ్రమ్ము కడతారు. ఇంజను పక్కన నాలుగు రాటలు పాతి, వాటి మీద డ్రమ్ము ఎక్కించి, అక్కణ్ణించి ఇంజనుకి పైపు దించుతారు. ఇంతేనా అనుకుంటారు చూసినవాళ్ళు. ఇంతే అయితే నాకు ఇన్నేళ్ళు అన్నం దొరికేది కాదు.

పసుపు ముద్ద

ఉంగుటూరు దగ్గర వెంకట్రాయుడు గారని ఒక రైతు. దసరా వెళ్ళిన వారంలో షాపుకి వచ్చి నన్ను బండి ఎక్కించుకుని తీసుకెళ్ళాడు. వరి చేను పొట్ట మీద ఉంది, వెన్ను తీసే వేళ, కాలవలో నీరు తగ్గింది, ఇంజను మొరాయిస్తోంది. మనిషి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఏవండీ, స్టార్టు చేస్తే బ్రహ్మాండంగా అందుకుంటాందండి. కాసేపు నడుస్తాది. ఆనక గుక్క పట్టిన పిల్లాడిలాగ ఆగిపోతాది."

"ఎవరైనా చూశారాండీ?"

"చూడకేమండీ! ఒకాయన ఫిల్టరు మార్చేడు. ఇంకొకాయన నాజిల్ మార్చేడు. మూడో ఆయనొచ్చి అసలు ఇంజనే మార్చెయ్యమన్నాడు."

నేను ఏమీ ముట్టుకోకుండా గట్టు మీద కూర్చుని నడిపించమన్నాను. నడిచింది. నడిచి నడిచి గొంతు మారింది, ఆగిపోయింది. లేచి వెళ్ళి, కొత్తగా కట్టించిన ఇనప డ్రమ్ము మూత మీద చెయ్యి వేసి తిప్పాను. సుయ్‌మని గాలి లోపలికి పోయింది. ఇంజను తిప్పమన్నాను. మళ్ళీ అందుకుంది. మూత తీసి వెలుతుర్లో చూస్తే, దాని నడిమధ్య ఉండాల్సిన చిన్న రంధ్రం కనిపించలేదు. దాని మీద ఇంత పసుపు ముద్ద, దాని మధ్యన కుంకం బొట్టు, ఎండకి ఎండి రాయిలా ఉన్నాయి.

ఆయుధ పూజ నాడు కొత్త డ్రమ్ముకి పూజ చేశారు. పాత ట్యాంకు మూత చిన్నది, దాని రంధ్రం అంచు కింద దాక్కుని ఉండేది కాబట్టి ఇన్నేళ్ళూ ఏ దసరాకీ ఇబ్బంది రాలేదు. ఈ డ్రమ్ము మూత విస్తరాకులా వెడల్పుగా ఉంది. పసుపు పెట్టడానికి అంతకంటే మంచి చోటు ఆ ఇంట్లో ఎవరికీ కనపడలేదు.

వెంకట్రాయుడు గారి భార్య నొచ్చుకుంది. "పసుపేగా అండీ, శుభమే కదండీ. పసుపుకి ఇంజనాగిపోద్దా ఎక్కడైనా?"

"అమ్మగారూ, పసుపు శుభమేనండి. కానీ ముక్కు మూసి బొట్టు పెడితే పెళ్ళికూతురైనా కళ్ళు తిరిగి పడిపోద్దండి."

ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆయన నవ్వలేదు. ముగ్గురు మెకానిక్కులని తలుచుకుని తిట్టుకుంటున్నాడు. విషయం చిన్నదే. డీజిలు కిందికి దిగినంత మేర పైనుంచి గాలి లోపలికి రావాలి. రాకపోతే డీజిలు దిగదు. చిన్న ట్యాంకు అయితే మూత ఎప్పుడూ తీస్తూనే ఉంటాం. పెద్ద డ్రమ్ము మూత పొద్దున బిగిస్తే మళ్ళీ తీసేది లేదు. అప్పటి నుంచి నేను కట్టిన ప్రతి డ్రమ్ముకీ పైన గొడుగు పిడిలా కిందికి వంచిన పైపు పెట్టాను, డ్రమ్ము పొట్ట మీద తెల్ల రంగుతో గుండ్రంగా గీసి "పూజ ఇక్కడ" అని రాసిచ్చాను. నవ్వేవాళ్ళు నవ్వారు.

మా వాళ్ళేమీ తక్కువ తినలేదు. మా చర్చి సంఘపెద్ద ఒకాయన, వాన నీరు పడుతుందని అదే రంధ్రానికి పాలిథీన్ కవరు చుట్టి, రబ్బరు బ్యాండు బిగించి, ప్రార్థన చేసి ఇంజను తిప్పాడు. ప్రార్థనకి స్టార్టయింది, కవరుకి ఆగింది. నేను వెళ్ళి కవరు విప్పితే ఆయన ఆ మాట సంఘంలో చెప్పొద్దని బతిమాలుకున్నాడు. నేను చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను, పేరు మాత్రం చెప్పను.

పెట్రోలు జోలికి వెళ్ళకండి

చింతలపూడి వైపు పామాయిలు తోట ఉన్న ఒక యువ రైతు, గడ్డి కోసే మిషను భుజాన వేసుకుని వచ్చాడు. అది పెట్రోలుది. ట్యాంకు గ్లాసెడు. తోటంతా కొయ్యాలంటే మాటిమాటికీ ఆగి పోసుకోవాలి. వీపు మీద ఒక ప్లాస్టిక్ క్యాను తగిలించి, సన్న పైపుతో కలపమన్నాడు.

"చెయ్యనండి," అన్నాను.

"అదేంటండీ! వీడియోలో ఒకాయన చక్కగా చేసేడండి."

"చేసినాయన మర్నాడు ఇంకో వీడియో పెట్టాడేమో చూశారా?"

కోపం వచ్చి వెళ్ళిపోయాడు. ఎక్కడో కట్టించుకున్నాడు కూడా. కొన్నాళ్ళకి కనుబొమ్మలు లేకుండా కనిపించాడు. పైపు జారి వేడి సైలెన్సరు మీద పెట్రోలు కారిందట. క్యాను విసిరేసి పరిగెత్తబట్టి బతికాడు. కనుబొమ్మలు మళ్ళీ మొలిచాయి, అదృష్టవంతుడు. డీజిలు ఓపిక గల మనిషి. పెట్రోలు అలా కాదు, దానికి మాట తేడా వస్తే చాలు. పెట్రోలు మిషను ఎంతసేపు నడవాలని కంపెనీవాడు రాశాడో అంతే నడపండి. ఆపండి, చల్లారనివ్వండి, పోసుకోండి. మీకు తొందరగా ఉంటే రెండో మిషను కొనుక్కోండి. ఈ మాట మీద నేను ఎవరితోనైనా పోట్లాడతాను.

మా ఓనరు గారు

షాపు ఓనరు కృష్ణమూర్తి గారి గురించి ఉన్నదున్నట్టు చెబుతాను. ఆయనకి ఇంజను గురించి తెలిసింది తక్కువ. నోరు పెద్దది. ఎదురు చెప్పిన పనివాణ్ణి వదులుకునేవాడు కాదు, అలాగని సుఖంగా ఉండనిచ్చేవాడూ కాదు. పొద్దున్నే తిట్టి మధ్యాహ్నం భోజనానికి పిలిచేవాడు. రైతు ఏది అడిగితే అది ఇచ్చి పంపెయ్యడమే ఆయన సిద్ధాంతం. "వాడికి డ్రమ్ము కావాలయ్యా. నువ్వు వాడికి పాఠం చెబుతావేంటి?" అనేవాడు. ఆ విషయంలో ఆయన తప్పు, నేను రైటు. ఇప్పటికీ అదే అంటాను.

కానీ ఒక అలవాటు నాకు ఆయన దగ్గరే అబ్బింది. రైతు చెప్పేది పూర్తయ్యేదాకా స్పానరు ముట్టుకోనిచ్చేవాడు కాదు. నేను ఇంజను చప్పుడు వినగానే రోగం ఇదని తేల్చేసే వయసులో ఉన్నప్పుడు చేతి మీద కొట్టి, "ముందు మనిషి చెప్పేది విను" అనేవాడు. కొల్లేటికోట పని ఆ అలవాటు వల్లే నా చేతికొచ్చింది.

కొల్లేటికోట పని

రత్నకుమారి అనే ఆవిడ షాపుకి వచ్చింది. కొల్లేటికోట దగ్గర భార్యాభర్తలు ఒక చేపల చెరువు లీజుకి చేస్తున్నారు. ఇద్దరే, పనివాళ్ళు లేరు. ఆవిడ కుర్చీ వేసినా కూర్చోలేదు.

"పెద్ద ట్యాంకు కావాలండి. పొద్దున పోస్తే దీపాలయేళ దాకా నడవాలి."

కృష్ణమూర్తి గారు సంతోషంగా, "దానికేం భాగ్యమమ్మా. ఏవయ్యా డేవిడూ, డ్రమ్మొకటి కట్టి పంపు," అన్నాడు.

నేను ఇంజను సంగతి అడిగాను. పాతది, ఆయిలు తాగుతుందని చెప్పింది. అలాగైతే కుదరదన్నాను. కొత్తవాళ్ళకి తెలియనిది ఇదే. ఇంజనుకి డీజిలొక్కటే తిండి కాదు. లోపల ఇంజనాయిలు కూడా ఉండాలి. పాత ఇంజను ఆ ఆయిల్ని కొంచెం కొంచెం కాల్చుకుంటూ పోతుంది. డీజిలు పోసినప్పుడల్లా ఆయిలూ చూసుకుంటాం కాబట్టి గండం గడుస్తుంది. డ్రమ్ము నిండా డీజిలు పోసి మనిషి వెళ్ళిపోతే, డీజిలు ఉంది కదా అని ఇంజను పరిగెడుతూనే ఉంటుంది, కింద ఆయిలు అయిపోతుంది. లోపల ఇనుము ఇనుమూ పట్టేసుకుని బిగుసుకుపోతుంది. అలా పాడైన ఇంజన్లు నేను లెక్కలేనన్ని విప్పాను.

"అమ్మా, ఎవరో ఒకరు మధ్యలో వచ్చి చూడాలండి. పోనీ మీరే..."

"నేనుంటే మీ దగ్గరికెందుకొస్తానండి?" అంది. గొంతు పెద్దది చెయ్యలేదు. "ఆయనకి కిడ్నీలు పోయినియ్యండి. చిట్టిబాబని, మా ఆయన. వారానికి రెండుసార్లు ఏలూరు ఆస్పత్రిలో రక్తం కడుగుతారు. ఆటో ఎక్కి, బస్సు మారి, ఒక్కడే పోతన్నాడు. మొన్న బస్టాండులో కళ్ళు తిరిగి పడిపోయేడు. ఎవరో ముక్కూమొహం తెలీనోళ్ళు మంచినీళ్ళు తాగించేరంట. ఆ టయానికి నేను గట్టు మీద డీజిలు పోస్తన్నాను. చెరువు పోతే ఆస్పత్రి ఖర్చుకి లేదు. చెరువు కాడ కూచుంటే ఆయన పక్కన మనిషి లేదు. మీరు చెయ్యలేనంటే చెప్పెయ్యండి, ఇంకో చోటికెళ్తాను."

నాకు మొండితనం ఎక్కువని మా ఆవిడ తరచూ అంటుంది. ఆ రోజు ఆ మొండితనం నాకు పనికొచ్చింది. "చేస్తానమ్మా. కానీ నా పద్ధతిలో చేస్తాను. కొంచెం ఆలస్యమవుద్ది," అన్నాను.

ముందు ఇంజను విప్పి పిస్టన్ రింగులు మార్చాను, ఆయిలు కాల్చడం తగ్గింది. పాత ట్యాంకు అలాగే ఉంచి, దాని పైన డ్రమ్ము ఎక్కించి నడిపి చూశాను. ఇంజనులోకి డీజిలు చిమ్మే నాజిల్ వాడుకోగా మిగిలిన డీజిలు ఒక సన్న పైపులో ట్యాంకులోకి తిరిగి వస్తుంది. పైనుంచి డ్రమ్ము నింపుతోంది, పక్కనుంచి ఆ పైపూ నింపుతోంది. చూస్తుండగానే ట్యాంకు పొంగి గట్టు మీదికి కారింది. రత్నకుమారి పరుగున వచ్చి, ఆ తడిసిన మట్టిని రెండు చేతులతో తవ్వి తట్టలో ఎత్తి దూరంగా పోసింది. "చెరువులో చుక్క పడినా చేప డీజిలు కంపు కొడతదండి. ఎవడూ మొహం కూడా చూడడు," అంది. పాత ట్యాంకు తీసేసి షాపులో పెట్టాను. ఆ సన్న పైపుని పైకి తీసుకెళ్ళి డ్రమ్ములోకే కలిపాను. ఇంజను కింద రేకు తొట్టి పెట్టి, చుట్టూ మట్టి కట్ట వేశాను.

తర్వాత ఆయిలు సంగతి. ఆయిలు ప్రెషరు పడిపోతే స్ప్రింగు వదిలి ఇంజను ఆపే లివరుని లాగేసేలా ఒక ఏర్పాటు చెయ్యాలి. కాగితం మీద గీస్తే సులువే. ఇంజను మీద పెడితే ఊరికే అదురుకి కూడా లాగేస్తోంది. విప్పడం, మార్చడం, మళ్ళీ బిగించడం. కృష్ణమూర్తి గారికి చిర్రెత్తుకొచ్చింది.

"ఒక్క డ్రమ్ముకి ఇన్నాళ్ళా? షాపు మూసుకోమంటావేంటయ్యా?"

"మూసుకోకండి. నేను ఆదివారాలు వెళ్తాను."

"ఆదివారం నీకు చర్చి లేదా?"

"చర్చి అయ్యాకే వెళ్తానండి."

ఆయన గొణుక్కున్నాడు గానీ, మంచి స్ప్రింగు కోసం తాడేపల్లిగూడెంలో తనకి తెలిసిన పాత సామాన్ల కొట్టుకి తనే ఫోను చేశాడు. చివరికి ఆ స్ప్రింగుతోనే కుదిరింది. ఇంజను ఆగిపోతే చేపల సంగతేమిటని మీరు అడగాలి. అడిగారా? అందుకే పక్క చెరువు కాపలా మనిషితో మాట్లాడి పెట్టాం. చప్పుడు ఆగితే వచ్చి, ఆయిలు పోసి, ఇంజను తిప్పాలి. అతను సరేనన్నాడు. ఆ నెలంతా రత్నకుమారి భర్తతో ఆస్పత్రికి వెళ్ళింది.

ముసురు

గాలివాన వెళ్ళిపోయి ముసురు మిగిలింది. ఎండ లేదు, కరెంటు లేదు. కాపలా మనిషి తన చెరువు గట్టు తెగకుండా బస్తాలు వేసుకుంటున్నాడు, ఎవరినీ చూసే స్థితిలో లేడు. పొద్దున్నే రత్నకుమారి ఫోను చేసింది.

"చేప తేలతాందండి. ఈయనకేమో ఆయాసంగా ఉంది, ఇయ్యాల ఆస్పత్రి మానితే కుదరదు. ఎల్లనా, ఉండనా? మీరే చెప్పండి."

"మీరు వెళ్ళండమ్మా. నేను వస్తున్నాను."

నేను వెళ్ళేసరికి ఆవిడ డ్రమ్ము నింపి, ఇంజను తిప్పి పెట్టింది. చిట్టిబాబు ఆటోలో దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. మనిషి పొట్టు వలిచినట్టు తెల్లగా ఉన్నాడు. నన్ను చూసి, "మేస్త్రి గారూ, నాక్కూడా ఒక డ్రమ్ము కట్టరాదేంటండీ," అన్నాడు. "ఊరుకోండి," అని ఆవిడ కసిరి, దుప్పటి సరిచేసి పక్కన కూర్చుంది. ఆటో వెళ్ళిపోయింది.

నేను గొడుగు వేసుకుని గట్టు మీద కూర్చున్నాను. చెరువంతా నోళ్ళే. బొచ్చెలు, శీలావతులు, నీటి పైకి మూతులు పెట్టి గుటకలు వేస్తున్నాయి. ఇంజను నీళ్ళు తోడి చిమ్ముతూనే ఉంది. మధ్యాహ్నం అవుతుండగా ఠక్కున ఆగింది. వెళ్ళి చూస్తే ఆయిలు పైపు నట్టు ఒకటి వదులై ఆయిలు కారిపోయింది, స్ప్రింగు లివరుని లాగేసింది. నట్టు బిగించి, ఆయిలు పోసి, తిప్పాను. అందుకుంది. ఆ స్ప్రింగు లేకపోతే ఇంజను అక్కడే పట్టేసేది, నేను ఎదురుగా కూర్చుని చూస్తూ ఉండేవాణ్ణి. సాయంకాలానికి ఒక్కో మూతే కిందికి దిగింది. నీటి మీద నోళ్ళు పల్చబడ్డాయి. నాకు నిజంగా గర్వం వచ్చింది. ఆవిడకి చెబుదామని ఫోను తీస్తుంటే ఆవిడే చేసింది.

"మేస్త్రి గారూ."

"చేప దిగిందమ్మా! చెరువు నిలబడింది."

"ఆయన పోయేడండి," అంది.

వాన చప్పుడూ ఇంజను చప్పుడూ తప్ప ఏమీ లేవు. ఆ చప్పుడు ఫోనులో ఆవిడకీ వినపడి ఉంటుంది.

"ఇంజను నడుస్తాందాండి?"

"నడుస్తోందమ్మా."

"ఆపకండి," అంది.

నేను ఆపలేదు. అక్కడే నిలబడి ఏడ్చాను. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. మర్నాడు మా ఓనరు గారు షాపు మూసి తనే కొల్లేటికోట వచ్చాడు. అంతా అయ్యేదాకా ఇంజను దగ్గర నాతో వంతులు వేసుకుని కూర్చున్నాడు. డీజిలు పోసుకోవడం కూడా చేతకాక పంచె నిండా మరకలు చేసుకున్నాడు.

అందుకని మీకు చెప్పేది, ఎవరైనా పెద్ద ట్యాంకు కావాలంటే డ్రమ్ము కొలతల దగ్గర మొదలుపెట్టకండి. ఆ మిగిలే గంటలు దేనికో అడగండి. సిగ్గుపడి చెప్పకపోతే మళ్ళీ అడగండి. దాన్ని బట్టి ఎంత జాగ్రత్తగా కట్టాలో మీకే తెలుస్తుంది.

కొన్నాళ్ళకి ఆవిడ కబురు పెట్టింది. చెరువు లీజు వదిలేస్తుందేమో, సామాను అమ్మిపెట్టమంటుందేమో అనుకుంటూ వెళ్ళాను. ఆవిడ పాక ముందు మేత బస్తాలు సర్దుతోంది.

"డ్రమ్ము దించెయ్యండి," అంది.

"ఎందుకమ్మా? నికరంగా పనిచేస్తోంది కదా. మళ్ళీ ముసురొస్తే?"

"ముసురొస్తే నేనుంటానండి. ఇంకెక్కడికెళ్తాను?" బస్తా కింద పెట్టి చేతులు దులుపుకుంది. "ఆ రోజు పొద్దుణ్ణించీ ఆయన చెయ్యి పట్టుకునే కూచున్నానండి. ఎన్ని కబుర్లో చెప్పేడు. అంతసేపు చెయ్యొదలకుండా ఆయన పక్కన కూచోడం నాకు పెళ్ళయ్యేక అదే మొదలు. మీ డ్రమ్ము దానికొచ్చింది. ఆ పనైపోయింది. పాత ట్యాంకు మీ కొట్లో ఉందిగా, అదే పెట్టెయ్యండి."

"మాటిమాటికీ పోసుకోవాలమ్మా."

"పోసుకోనియ్యండి. చెరువొదిలేది లేదండి, నేనే చేస్తాను. కానీ పొద్దున మంచమెక్కి కూచుంటే లేవబుద్ధి కావట్లేదు. అది ఆగిపోతే చచ్చినట్టు లేస్తాను."

షాపుకి వెళ్ళి పాత ట్యాంకు తెచ్చి బిగించాను. డ్రమ్ము దించి బండి మీద కట్టుకున్నాను. ఆవిడ ఇంజను దగ్గరికి వచ్చి హ్యాండిలు తగిలించింది. బరువు కదా అని సాయం పట్టబోయాను.

"మీరు జరగండి," అని తనే తిప్పింది.